పానగల్ ఛాయా సోమేశ్వరాలయం: లింగం వెనుక నీడ ఎందుకు కదలదు?

క్లుప్తంగా: నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్‌లో ఛాయా సోమేశ్వరుడి లింగం వెనుక గోడ మీద పగలంతా ఒకేచోట ఒక నీడ కనిపిస్తుంది. ఆ గర్భగుడికి వెలుతురు సూర్యుడి నుంచి నేరుగా రాదు, మండపం స్తంభాల మధ్య ఖాళీల గుండా వస్తుంది. ఆ ఖాళీలు కదలవు కాబట్టి నీడా కదలదు. మూడు గర్భగుడులకు ఒకే మండపం ఉన్న త్రికూట నిర్మాణమే దీనికి ఆధారం. అందుకే ఈ గుడిలో మరమ్మతులు, దీపాలు, తలుపులు, నీటి ఊట వంటి చిన్న విషయాలు కూడా నీడ మీద ప్రభావం చూపుతాయి.

కార్తీకం వచ్చినా, శివరాత్రి దగ్గరపడినా ఛాయా సోమేశ్వరాలయం వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. దాదాపు అన్నింటికీ పేరు ఒకటే: శాస్త్రవేత్తలకూ అంతుచిక్కని రహస్యం. కింద వ్యాఖ్యల్లో జనం రెండు జట్లుగా విడిపోతారు. ఒకరు అది దైవమహిమ అంటారు, ఇంకొకరు కెమెరా మాయ అంటారు. ఈ రెండు మాటల మధ్య అసలు గుడి మాత్రం ఎవరికీ పట్టదు. నీడ నిజంగానే పడుతుంది. పగటిపూట వెళ్లి చూసిన వారెవరైనా ఆ మాట చెబుతారు. అది ఎలా పడుతుందో చెప్పడానికి గుడి కట్టిన తీరు తెలిస్తే చాలు, కొత్త శాస్త్రమేమీ అక్కర్లేదు.

కందూరు చోడుల ఊరు

పానగల్ ఇప్పుడు నల్లగొండ పట్టణంలో కలిసిపోయిన ఊరు. వనపర్తి జిల్లాలో కోట ఉన్న పాన్‌గల్ వేరు, ఇది వేరు. పేర్లు దగ్గరగా ఉండటంతో చరిత్ర రాసేవాళ్లు కూడా ఒక్కోసారి తడబడుతుంటారు. 11, 12 శతాబ్దాల్లో ఈ ప్రాంతాన్ని కందూరు చోడులు ఏలారు. తెలుగు చోడుల్లో ఒక శాఖ వీరిది. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉంటూ నేటి పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో కందూరునాడును పాలించారు. పాలమూరు వైపు కందూరు, వర్ధమానపురం, నల్లగొండ వైపు పానగల్ వీరి ముఖ్య స్థానాలు. ఇప్పుడు నందివడ్డెమాన్ అంటున్న ఊరే వర్ధమానపురం.

ఈ వంశంలో తొండయ, భీమ, ఉదయ, గోకర్ణ అనే పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. పానగల్ పక్కనున్న ఉదయసముద్రం చెరువుకు ఆ పేరు వచ్చింది ఈ ఉదయచోడుల వల్లనే. గుడి, చెరువు, ఊరు మూడింటినీ ఒకే కాలంలో, ఒకే ఆలోచనతో కట్టడం అప్పటి తెలంగాణ పాలకుల అలవాటు. చెరువు కింద నీళ్లు పారే భూమిలో కొంత గుడికి రాసిచ్చేవారు. ఆ పంట మీదే పూజారులు, వాద్యకారులు, నర్తకులు, దీపపు నూనె ఖర్చు అన్నీ నడిచేవి.

కాకతీయ రుద్రదేవుడు స్వతంత్రుడయ్యాక ఈ రాజ్యానికి గడ్డుకాలం వచ్చింది. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం, కందూరు చోడ రాజైన చోడోదయుడు రుద్రదేవుడి భయంతోనే ప్రాణాలు విడిచాడని చెబుతుంది. గెలిచినవాడు వేయించిన శాసనం కనుక ఆ వాక్యాన్ని కొంత తగ్గించి చదువుకోవాలి. ఏమైనా ఆ తర్వాత పానగల్ కాకతీయుల ఏలుబడిలోకి వచ్చింది. గుళ్లు మాత్రం నిలిచాయి. ఛాయా సోమేశ్వరంతో పాటు, రామాయణ భారత కథల శిల్పాలకు పేరుపడ్డ పచ్చల సోమేశ్వరాలయం కూడా ఇక్కడే ఉంది. దాని పక్కనే మ్యూజియం ఉంది. జిల్లాలో పలుచోట్ల దొరికిన విగ్రహాలు, శాసనాలు అక్కడికి చేరాయి.

మూడు గుళ్లు, ఒకే మండపం

ఛాయా సోమేశ్వరం పెద్ద గుడి కాదు. ఆకాశాన్నంటే గోపురాలు లేవు, వరసగా ప్రాకారాలు లేవు. చుట్టూ వరిపొలాలు, ఆవరణలో చిన్నచిన్న ఉపాలయాలు, కోనేరు. నడుమ ఎత్తయిన అధిష్ఠానం, అంటే రాతి అరుగు మీద అసలు గుడి. మెట్లు మెట్లుగా పైకి సన్నబడే మూడు రాతి శిఖరాలు దూరం నుంచే కనిపిస్తాయి.

దీని నమూనాను త్రికూటం అంటారు. నడుమ ఒక మండపం ఉంటుంది. దానికి మూడు వైపులా మూడు గర్భగుడులు, ప్రతి గర్భగుడికీ మండపానికీ మధ్య అంతరాళం అనే ఒక చిన్న నడవ. నాలుగో వైపు ప్రవేశం. అంటే రెండు గర్భగుడులు ఒకదానికొకటి ఎదురుగా చూసుకుంటుంటాయి, మూడోది లోపలికి వచ్చేవారి కళ్లకు ఎదురుగా నిలుస్తుంది. పానగల్‌లో ఈ మూడింటినీ శివుడు, విష్ణువు, సూర్యుడికి చెందినవిగా చెబుతారు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోనూ ఇదే వరస: రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో, నాగులపాడులో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లలో కూడా త్రికూటాలున్నాయి. కాకతీయుల కాలపు గుర్తుగా చెప్పుకునే ఈ నమూనా పానగల్‌లో వారికంటే ముందే కనిపిస్తుంది.

సామంత రాజులకు త్రికూటం ఎందుకు నచ్చిందో ఊహించడం కష్టం కాదు. మూడు విడి గుళ్లు కడితే మూడు మండపాలు, మూడు ప్రవేశాలు, మూడు పునాదులు కావాలి. త్రికూటంలో ఒక్క మండపం మూడింటికీ సరిపోతుంది. శైవుడు, వైష్ణవుడు, సౌరుడు ఒకే కప్పు కిందికి వస్తారు. నాట్యానికీ, పురాణ కాలక్షేపానికీ, ఊరిపెద్దల కూటానికీ అదే మండపం. ఖర్చు తక్కువ, కలుపుకుపోయే గుణం ఎక్కువ.

గుడిలోకి వెలుతురు ఎలా రావాలన్న విషయాన్ని కూడా ఈ నమూనాయే తేల్చేస్తుంది. నడుమ స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద బండలు పరిచిన కప్పు. బయటి అంచున రాతి చూరు ముందుకు వంగి ఎండను ఆపుతుంది. గోడల నిండా కిటికీలు పెట్టే పద్ధతి లేదు. వెలుతురు రావాలంటే ప్రవేశం నుంచీ, అంచు స్తంభాల మధ్య ఖాళీల నుంచీ రావాలి. గర్భగుడికి ఉన్నది ఒక్క ద్వారబంధం. మండపంలో పలచబడిన వెలుతురే ఆ చిన్న దారి గుండా మరింత సన్నబడి లింగం దాకా చేరుతుంది.

ఇక ఆ నీడ సంగతి

చూడవచ్చిన వాళ్లు మొదట చేసే పని ఒకటుంది. ఒకరు గర్భగుడి గుమ్మం దగ్గర నిలబడి నీడను చూస్తుంటారు. ఇంకొకరు మండపంలో ఒక్కో స్తంభం దగ్గరికీ వెళ్లి, దాని పక్కన చెయ్యి చాచి ఊపుతారు. ఆ చేతి నీడ గోడ మీది నీడ పక్కన కదిలితే ఆ స్తంభం దొరికినట్టే. చెయ్యి ఊపినా గోడ మీద స్పష్టంగా ఏమీ కదలదు. దాంతో ఇది ఏ స్తంభం నీడా కాదన్న నిర్ణయానికి వచ్చేస్తారు. నీడ అంటే ఒక వస్తువుకు ఒకటి అన్న అలవాటు నుంచి వచ్చిన నిర్ణయం ఇది.

ఎండలో ఆ అలవాటు సరైనదే. సూర్యుడు మనకు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న చిన్న బిళ్లలా కనిపిస్తాడు. అంత చిన్న మూలం నుంచి వచ్చే వెలుతురు ఒక వస్తువుకు ఒకే నీడ వేస్తుంది, అంచులు గీసినట్టుంటాయి. భూమి తిరగడం వల్ల సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, నీడా జరుగుతుంది. ఆరుబయట పాతిన గుంజ నీడతో పొద్దు లెక్కపెట్టేది ఇందుకే.

మండపం లోపల లెక్క మారిపోతుంది. నల్లగొండ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. డిసెంబరులో కూడా మధ్యాహ్నం క్షితిజానికి దాదాపు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంత ఎత్తు నుంచి పడే ఎండను చూరు అడ్డుకుంటుంది. లోపలికి వచ్చేది ఆకాశమంతా పరుచుకున్న వెలుతురు, బయటి నేల మీదా రాళ్ల మీదా పడి తిరిగొచ్చే వెలుతురు. గర్భగుడి గోడకు సంబంధించినంతవరకూ వెలుగుకు మూలం సూర్యుడు కాదు, స్తంభాల మధ్య తెల్లగా కనిపించే ఆ ఖాళీలే.

గర్భగుడి వెనుక గోడ మీద ఒక చీమ పాకుతూ బయటికి చూస్తోందనుకుంటే విషయం తేటపడుతుంది. దానికి ద్వారబంధం ఒక చట్రం. ఆ చట్రంలోంచి అంతరాళం, మండపం, స్తంభాలు, వాటి సందుల్లో బయటి వెలుతురు కనిపిస్తాయి. చీమ గోడకు ఎడమ పక్కన ఉంటే మండపం కుడివైపు ఖాళీ కనిపిస్తుంది, కాబట్టి అక్కడ గోడ వెలుగుతుంది. కుడి పక్కకు పాకితే ఎడమవైపు ఖాళీ కనిపిస్తుంది, అక్కడా గోడ వెలుగుతుంది. నడుమకు వచ్చేసరికి కుడి ఖాళీని ఒక స్తంభమో ద్వారబంధమో మూసేస్తుంది, ఎడమ ఖాళీని మరొకటి మూసేస్తుంది. ఎదురుగా మరో గర్భగుడి ఉంటే అటునుంచి వచ్చేదీ చీకటే. రెండు వెలుగుల మధ్య మిగిలిపోయిన ఆ నిలువు పట్టీనే మన కంటికి స్తంభం నీడలా కనిపిస్తుంది. దాని ఆకారంలో ఒకటికి మించిన స్తంభాల పాత్ర ఉంది. అందుకే ఏ ఒక్క స్తంభం దగ్గర చెయ్యి ఊపినా నీడ తేలిగ్గా లొంగదు.

నీడ కదలకపోవడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. ఖాళీలు రాతిలో ఉన్నాయి, స్తంభాలు రాతిలో ఉన్నాయి, గోడ రాతిది. మూలం, అడ్డు, తెర మూడూ స్థిరమే. పొద్దున ఒక వైపు ఖాళీ ఎక్కువ వెలుగుతుంది, సాయంత్రం రెండో వైపు ఖాళీ వెలుగుతుంది. దానివల్ల నీడకు ఒక పక్క గోడ కాస్త ఎక్కువ తెల్లగా, రెండో పక్క కాస్త తక్కువగా ఉంటుంది. నీడ చోటు మాత్రం మారదు. ఈ హెచ్చుతగ్గులను కూడా కన్ను పెద్దగా పట్టించుకోదు. చీకటిగా ఉన్న చోట కన్ను చూసేది పక్కపక్కనున్న వెలుగుల తేడానే, అసలు వెలుగు ఎంత ఉందో దానికి పట్టదు.

ఈ వివరణ సరైనదో కాదో పరీక్షించడానికి కొన్ని దారులున్నాయి. మబ్బు పట్టిన రోజు బయట చెట్టు నీడ మాయమవుతుంది. లోపలి నీడ మాయం కాకూడదు, పలచబడాలి అంతే. మండపం ఒక పక్క ఖాళీకి దట్టమైన గుడ్డ అడ్డం కడితే ఆ ఖాళీ వెలిగించే వైపు గోడ చీకటిలో కలిసి, నీడ ఒక పక్కకు పరుచుకోవాలి. నీడ అంచులు కత్తిరించినట్టు ఉండకూడదు, మసకగా ఉండాలి, ఎందుకంటే ఖాళీలు వెడల్పైనవి. జిల్లాకు చెందిన ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు గుడి నమూనా తయారుచేసి, స్తంభాల అమరిక వల్లనే నీడ ఏర్పడుతోందని ఎప్పుడో చూపించాడు. అయినా ‘అంతుచిక్కని రహస్యం’ అన్న మాట పోలేదు. రహస్యానికున్న గిరాకీ జవాబుకు ఉండదు.

మిగతా రెండు గర్భగుడుల్లో కూడా నీడలు పడతాయి, వాటి తీరు వేరు. చీమ లెక్కే వాటికీ వర్తిస్తుంది. ఎదురుగా ప్రవేశం ఉన్న గర్భగుడికి నడుమ భాగం కూడా వెలుగుతుంది. ఒకే స్తంభం ఎదుట నాలుగు ఖాళీలు ఉంటే నాలుగు పలచని నీడలు పడతాయి. మనిషి వెళ్లి గుమ్మంలో నిలబడితే అతనికీ ఒకటికి మించి నీడలు రావచ్చు.

వివర్తనమా?

కొన్ని కథనాల్లో దీనికి కాంతి వివర్తనం కారణమని రాస్తుంటారు. పాఠ్యపుస్తకపు మాట కాబట్టి వినడానికి బరువుగా ఉంటుంది. వివర్తనం అంటే అడ్డు అంచు దగ్గర కాంతి కొద్దిగా వంగి పక్కకు పరుచుకోవడం. అది కంటికి కనిపించాలంటే సందు చాలా సన్నగా ఉండాలి. కాంతి తరంగదైర్ఘ్యం మిల్లీమీటరులో రెండు వేల వంతు ప్రాంతంలో ఉంటుంది. మండపం ఖాళీలు అడుగుల లెక్కలో ఉంటాయి. స్తంభం అంచు నుంచి గోడ వరకు ఐదు మీటర్ల దూరం అనుకున్నా, వివర్తనం వల్ల కాంతి పక్కకు జరిగేది ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. మూరెడు వెడల్పు నీడను అది పుట్టించలేదు. కాంతి తిన్నగా ప్రయాణిస్తుంది, అడ్డు ఉన్నచోట ఆగిపోతుంది. హైస్కూలులో చెప్పే ఈ ఒక్క సూత్రమే ఇక్కడ పనిచేస్తోంది.

మరి శిల్పులు కావాలనే ఇలా చేశారా? నమూనా ఒక్కటే నీడను తెచ్చిపెట్టదని హనుమకొండను చూస్తే తెలుస్తుంది. అదీ త్రికూటమే, దేవతలూ వారే, కానీ దానికి నీడ వల్ల పేరు రాలేదు. స్తంభాల మధ్య దూరం, ద్వారబంధం వెడల్పు, అంతరాళం లోతు, వీటి నిష్పత్తి కాస్త మారితే ఆ నిలువు పట్టీ చెదిరిపోతుంది. గుడి కట్టేవాళ్లు నూలు పట్టి, కొలతల ప్రకారం స్తంభాలు నిలబెట్టేవాళ్లు. రోజూ చీకటి గర్భగుడిలో పనిచేసిన వాళ్ల కన్నుకు ఈ నీడ కనపడకుండా ఉండదు. కనపడ్డాక దాన్ని తీసెయ్యకుండా దేవుడి పేరులోనే నిలుపుకున్నారు. మొదటి గీత గీసినప్పుడే అనుకున్నారా, కట్టాక గుర్తించారా అన్నదానికంటే ఈ నిలుపుకోవడం ముఖ్యం.

ఎండతో ఆడిన గుళ్లు, వెలుతురుతో ఆడిన గుళ్లు

తెలుగునాట వెలుగుకు పేరుపడ్డ గుడి అంటే ముందు అరసవల్లి గుర్తొస్తుంది. శ్రీకాకుళం దగ్గరి ఆ సూర్యనారాయణస్వామి గుడిలో మార్చిలోనూ, అక్టోబరులోనూ కొద్ది రోజులు ఉదయపు కిరణాలు నేరుగా స్వామి పాదాల మీద పడతాయి. అక్కడ పనిచేసేది నేరుగా వచ్చే ఎండ. సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు మాత్రమే ఆ కోణంలోకి వస్తాడు కాబట్టి అది ఆ రోజులకే పరిమితం. పానగల్‌ది దీనికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ ఎండను బయటే ఆపేశారు, కాబట్టి తిథి, మాసం, ఋతువులతో సంబంధం లేకుండా రోజూ అదే దృశ్యం.

హంపి విరూపాక్షాలయంలో ఇంకో రకం కనిపిస్తుంది. ఒక చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుతురు గోడ మీద గోపురం బొమ్మను తలకిందులుగా వేస్తుంది. అక్కడా మూలం స్థిరమైన రంధ్రమే, అందుకే బొమ్మ చోటు మారదు. రంధ్రం చిన్నది కాబట్టి బొమ్మ పడింది. పానగల్‌లో ఖాళీలు పెద్దవి కాబట్టి బొమ్మ కరిగిపోయి వెలుగునీడలే మిగిలాయి. సూత్రం రెండుచోట్లా ఒకటే.

దక్షిణ తెలంగాణలోనే అలంపురం నవబ్రహ్మ ఆలయాలు మరో దారి పట్టాయి. 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించిన ఆ గుళ్లలో గర్భగుడి చుట్టూ లోపలే ప్రదక్షిణ పథం ఉంది. బయటి గోడలో రాతి జాలీ కిటికీలు పెట్టి ఆ పథానికి వెలుతురిచ్చారు. భక్తుడు నడిచే దారి వెలుగుతుంది, దేవుడి గది చీకట్లో ఉంటుంది. పానగల్‌లో ఆ బయటి గోడే లేదు, లోపలి ప్రదక్షిణ పథం లేదు. వెలుగంతా మండపంలోనే. గర్భగుడి వెనుక గోడ నేరుగా ఆ వెలుగుకు ఎదురుగా నిలుస్తుంది. అలంపురం తరహాలో కట్టి ఉంటే ఈ నీడకు అవకాశమే ఉండేది కాదు.

పూజ

నిత్యపూజ మిగతా శివాలయాల్లాంటిదే. లింగానికి అభిషేకం, విభూతి, మారేడు పత్రి, దీపం, నైవేద్యం. సోమవారాలు, కార్తీకమాసం, శివరాత్రికి జనం పెరుగుతారు. అభిషేకజలం పానవట్టం నుంచి సోమసూత్రం గుండా బయటికి పోతుంది. శివుడికి ప్రదక్షిణం చేసేవారు ఆ సోమసూత్రాన్ని దాటకుండా వెనక్కి తిరగాలన్నది ఆచారం. లోపల పథం లేని త్రికూటంలో ప్రదక్షిణమంటే బయటి నుంచే. అలా తిరిగితే ముగ్గురు దేవుళ్లనూ చుట్టివచ్చినట్టు. విష్ణువుకూ సూర్యుడికీ సోమసూత్రం పట్టింపు లేదు, శివుడికి ఉంది. ఈ చిక్కును ఒక్కొక్కరు ఒక్కో తీరుగా పరిష్కరించుకుంటారు. ఎక్కువమంది మాత్రం గుడి మొత్తాన్నీ తిరిగి వస్తారు.

మూడు గర్భగుడులున్నా భక్తులంతా ఒక్కదాని ముందే గుమిగూడటం ఇక్కడ స్పష్టంగా కనిపించే మార్పు. కట్టిన రోజుల్లో సూర్యుడికి విడిగా గర్భగుడి ఉండటం వింత కాదు. తర్వాతి శతాబ్దాల్లో తెలంగాణలో సూర్యారాధన ఆదివారపు నోములకు, రథసప్తమికి, ఇంటి ముందు అర్ఘ్యానికి పరిమితమైపోయింది. హనుమకొండలోనూ సూర్యుడి గర్భగుడి కంటే రుద్రేశ్వరుడి దగ్గరే సందడి. పానగల్‌లో నీడ వల్ల ఈ ఒరుగుదల మరింత పెరిగింది.

పూజ ఖర్చు గడిచే దారీ మారింది. శాసనాల్లో గుడికి ఇచ్చినవి మర్తురుల (అప్పటి భూమి కొలత) లెక్కన నీరునేల, గానుగలు, సుంకాల్లో భాగాలు. అంగరంగభోగాలకని, అంటే దేవుడి పూజలకూ ఆటపాటలకూ అని వాటిని రాసిచ్చేవారు. ఆ ఏర్పాటు చెరువుతో ముడిపడింది. చెరువు నిండితే గుడి నిండినట్టు. ఇప్పుడు ఆదాయం లేని చిన్న గుళ్లకు ప్రభుత్వం ధూపదీప నైవేద్య పథకం కింద నెలనెలా డబ్బిస్తోంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం మొత్తాన్ని తెలంగాణలో 2023లో నెలకు 10,000 రూపాయలకు పెంచారు. గుడికి భూమి ఉండటానికీ, నెల జీతం ఉండటానికీ తేడా ఉంది. భూమి ఉన్న గుడి ఊరి వ్యవసాయంలో భాగస్వామి. జీతం మీద నడిచే గుడికి ఊరితో ఆ లెక్కాజమా లేదు.

నీళ్లు, బల్బులు, గ్రిల్లులు

చెరువుతో ఉన్న పాత సంబంధం ఇప్పుడు ఇంకోలా బయటపడుతోంది. ఉదయసముద్రం ఒకప్పుడు వాన మీద ఆధారపడిన చెరువు, ఎండాకాలానికి అడుగంటేది. ఇప్పుడది ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో 1.5 టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అందులోకి వస్తాయి, పట్టణానికి తాగునీరు అక్కడి నుంచే వెళుతుంది. ఫ్లోరైడు నీళ్లతో దశాబ్దాల పాటు నడుములు వంగిపోయిన జిల్లాకు అది ప్రాణాధారం, అందులో సందేహం లేదు. కానీ చెరువు ఎక్కువ కాలం నిండుగా ఉంటే చుట్టుపక్కల భూగర్భజలం పైకి వస్తుంది. ఆయకట్టు పొలాల నడుమ, పల్లంలో ఉన్న పాత కట్టడాలకు పునాదిలో ఎప్పుడూ తడే.

తడి ఒక్కటే రాతిని పడగొట్టదు. తడి, ఆరుదల మళ్లీ మళ్లీ జరిగితే పునాది మట్టి అసమానంగా కుంగుతుంది. రాతి దూలం పక్కకు లాగే బలాన్ని తట్టుకోలేదు, ఒక స్తంభం అంగుళం కుంగినా పైన దూలం పగులుతుంది. రామప్ప వంటి కాకతీయ కట్టడాల్లో పునాది గుంతను ఇసుకతో నింపి ఈ కదలికను సర్దుకునేట్టు చేశారు. నీడ విషయంలో అంగుళం ఇంకా ముఖ్యం. స్తంభం వాలితే ఖాళీ మారుతుంది, ఖాళీ మారితే పట్టీ అంచు జరుగుతుంది. గచ్చు మీద నీళ్లు నిలిచినా వెలుతురు దాని మీద పడి కొత్త దిక్కుల్లో గోడకు చేరి నీడను పలచన చేస్తుంది.

విద్యుత్తు దీపాలది ఇంకా తేలికగా అర్థమయ్యే సంగతి. గర్భగుడిలో ఒక ఎల్ఈడీ బల్బు వేస్తే సందుల్లోంచి వచ్చే సన్నని వెలుతురును అది మింగేస్తుంది, నీడ కనిపించదు. ఫోనులో ఫ్లాష్ వేసి తీసినవాళ్లకు ఫొటోలో నీడ రాకపోవడానికీ ఇదే కారణం. ఫ్లాష్ ముందు నుంచి పడి గోడను సమంగా వెలిగిస్తుంది, లింగం నీడ లింగం వెనుకే దాక్కుంటుంది. ఫ్లాష్ వేయకపోయినా కొన్ని ఫోన్లు చీకటిని తామే సర్ది వెలుగునీడల తేడాను తగ్గించేస్తాయి. అలా తీసిన ఫొటో చూసి నీడే లేదని వాదించినవాళ్లున్నారు. నూనెదీపంతో అంత ఇబ్బంది లేదు. దాని వెలుగు తక్కువ, అది వేసే లింగం నీడ ఊగుతూ వేరుగా తెలుస్తుంది.

జనం పెరిగేకొద్దీ గుళ్లలో సహజంగా వచ్చే మార్పులున్నాయి. కోతుల కోసం స్తంభాల మధ్య ఇనుప గ్రిల్లు, వానజల్లు పడకుండా రేకులు, క్యూ కోసం బారికేడ్లు, గోడకు ఎనామిల్ రంగు, నేలకు మెరిసే టైల్స్. ఇతర గుళ్లలో వీటివల్ల అందం పోతుంది. ఇక్కడ వీటిలో ప్రతి ఒక్కటీ నీడ ఏర్పడే తీరులో చెయ్యి పెడుతుంది. రేకు ఒక ఖాళీని మూస్తుంది, గ్రిల్లు వెలుగును చారలు చేస్తుంది, తెల్లరంగూ టైల్సూ వెలుగును అన్ని దిక్కులకూ చిమ్ముతాయి.

పాత గుళ్లలో బాధ్యత కూడా రెండుగా చీలి ఉంటుంది. కట్టడాన్ని కాపాడేది వారసత్వ శాఖ, దానికి 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. పూజలు, అర్చకులు, హుండీ వంటివి 1987 నాటి దేవాదాయ చట్టం కిందికి వస్తాయి. భక్తుల సౌకర్యానికి ఒకరు చేసే పని రెండోవారి లెక్కలో కట్టడానికి మార్పు అవుతుంది. పానగల్‌లో ఈ గీత ఎక్కడుండాలో తేల్చడానికి ఒక సులువైన కొలమానం ఉంది. ఏ పనైనా మొదలుపెట్టే ముందు, పూర్తయ్యాక, పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం నీడ అంచులను కొలిచి, స్తంభాల మధ్య దూరాలతో పాటు నమోదు చేస్తే మార్పు వచ్చిందా లేదా తెలిసిపోతుంది. టేపు, పుస్తకం ఉంటే సరిపోయే పని ఇది.

శివరాత్రికి ఆవరణలో పెట్టే ఫ్లడ్‌లైట్లకు కూడా ఇదే వర్తిస్తుంది. రాత్రి బయటి నుంచి ఒకే పక్క పెద్ద లైటు పడితే అదొక చిన్న సూర్యుడిలా పనిచేసి, స్తంభం నీడను పదునైన అంచులతో గోడ మీద వేరేచోట వేస్తుంది. జాగారం రాత్రి తీసిన వీడియోల్లో నీడ పక్కకు జరిగినట్టు కనిపించడానికి కారణం ఆ లైటే. మర్నాడు దాన్ని ఆర్పేసి, తెల్లవారాక అదే గుమ్మంలో నిలబడి చూస్తే పగటి నీడ దాని చోటులోనే ఉంటుంది.